వింటేజ్ పోర్టు దొరవారికి హనుమకొండ నుంచి ఒక అర్జీ

పోర్చుగల్ తీపి వైన్ వంశస్థులు, ఒకే ఏడాది పంటతో తయారైన మహారాజశ్రీ 1985 వింటేజ్ పోర్టు దొరవారి సముఖానికి,

ముందే చెప్పేస్తున్నాను దొరా, మీ రుచి మీద నాకు ఫిర్యాదు ఏమీ లేదు. నా బాధంతా మీ వయసుతోనే. మొన్న మా డెంటిస్టు ఇంట్లో మిత్రులమంతా చేరి మీ సీసా తెరిచిన సాయంత్రం నుంచి మొదలైన బాధ ఇది. చదువుకున్నవాళ్లు, పిల్లల పెళ్లిళ్లు చేసినవాళ్లు, బ్యాంకులో పది మందికి లోన్లు ఇవ్వమని తిప్పి పంపినవాళ్లు, ఒక సీసా మీద అచ్చేసిన నాలుగు అంకెల ముందు చేతులు కట్టుకుని నిలబడితే చూడటానికి ఎట్లా ఉంటుందో మీకు తెలియదు. మీరు లోపల ఉన్నారు కాబట్టి.

1985 అంటే మా లెక్క వేరే. ఆ ఏడే ఎన్టీఆర్ తాలూకాలు తీసేసి మండలాలు పెట్టింది. మీరు పోర్చుగల్‌లో డౌరో నది ఒడ్డున తీగ మీద పండుతున్నప్పుడు మా పెద్దలు ఊరు ఏ మండలంలో పడిందో తెలుసుకుందామని ఆఫీసుల చుట్టూ తిరుగుతున్నారు. తర్వాత రెండేళ్లకు మిమ్మల్ని సీసాలో పోసి బిరడా కొట్టారు, ఇక మీ అడ్రసు ఖాయం. మేమేమో ఇంట్లోంచి కదలకుండానే 2014లో కొత్త రాష్ట్రంలోకి, 2016లో వరంగల్ అర్బన్‌లోకి, 2021లో హనుమకొండ జిల్లాలోకి వచ్చి పడ్డాం. పాత వరంగల్ జిల్లా ఇప్పుడు ఆరు జిల్లాలు. మీ దగ్గర మాత్రం 1756లో పొంబాల్ అనే మంత్రి ఏ తోటల ద్రాక్ష పోర్టుకు పనికొస్తుందో హద్దు పెట్టిస్తే, ఆ హద్దు మీద పాతిన గ్రానైట్ రాళ్లు కొన్ని ఇంకా నిలబడే ఉన్నాయట. ఈ సంగతి మా రిటైర్డ్ లెక్చరర్ గారు గొంతు సవరించుకుని చెబుతుంటే, "గదేం గ్రానైట్ సార్?" అని కరీంనగర్ నుంచి వచ్చిన మా క్వారీ మిత్రుడు అడ్డం పడ్డాడు. ఆ సాయంత్రం మీ గురించి మనస్ఫూర్తిగా ఒక ప్రశ్న అడిగిన మనిషి ఆయనొక్కడే అని నా అభిప్రాయం.

మీ రాజభోగం సంగతి కూడా కాస్త మాట్లాడుకోవాలి. మా డెంటిస్టు కొడుకు లండన్ నుంచి వస్తూ, విమానంలో తెచ్చుకోనిచ్చే రెండు లీటర్ల మందులో మీకు చోటిచ్చాడు. శంషాబాద్ నుంచి హంటర్ రోడ్డు దాకా ఒళ్లో పెట్టుకుని తెచ్చారు. మిమ్మల్ని వడగట్టకుండానే సీసాలో పోస్తారు కాబట్టి ఇన్నేళ్లలో అడుగున మడ్డి చేరుతుంది, కుదిపితే అంతా పైకి లేస్తుంది, అందుకే తాగే ముందు ఒక రోజైనా కదలకుండా నిలబెట్టాలి. చల్లని చోట పెట్టాలి. మే నెలలో హనుమకొండలో చల్లని చోటంటే ఆ ఇంట్లో ఒకటే ఉంది, డెంటిస్టు గారి అత్తగారు పడుకునే ఏసీ గది. ఆమెను హాల్లోకి, కూలర్ ముందుకు మార్చారు. "నాకన్న చిన్నదే కదనయ్యా అది, దానికెందుకు ఏసీ?" అని ఆమె అడిగింది. ఎవరూ జవాబు చెప్పలేదు. వయసునుబట్టే మర్యాద అయితే ఆ గది ఆమెదే కావాలి గదా దొరా, ఆమెకు డెబ్బై ఎనిమిది.

బిరడా తీయడం ఒక ఆపరేషన్. నలభై ఏళ్ల బిరడా మెత్తబడి, స్క్రూ తిప్పగానే పొడి పొడి అవుతుంది. దీనికి మీ దేశంలో ఒక ఉపాయం ఉందని లెక్చరర్ గారు చెప్పారు. ఇనుప పటకారును ఎర్రగా కాల్చి సీసా మెడకు పట్టించి, వెంటనే తడిగుడ్డ చుడితే మెడ టక్కున తెగి ఊడొస్తుందట, బిరడాతో సహా. "మా వెల్డింగ్ పిలగాన్ని పిలుద్దామా?" అన్నాడు క్వారీ ఆయన. డెంటిస్టు ఒప్పుకోలేదు. లోపలికెళ్లి క్లినిక్ బ్యాగు తెచ్చుకుని, చేతులకు గ్లోవ్స్ తొడుక్కుని, పన్ను పీకే కొరముట్లతో విరిగిన బిరడాను ముక్కముక్కగా బయటికి తీశాడు. బ్యాంకు మేనేజర్ ఫోన్ టార్చ్ పట్టాడు. "నోరు పెద్దగా తెరవండి" అని మీతో అనలేదు గానీ, అంటాడేమో అని నేను చివరిదాకా ఎదురు చూశాను. ఆ తర్వాత పాలు వడగట్టే గుడ్డ ఉతికి ఆరేసింది తెచ్చి, సీసా మెడ వెనక అదే టార్చ్ పెట్టి, మడ్డి మెడ దాకా రాగానే ఆపమని ఒకరు అరుస్తుంటే, ఇంకొకరు గాజు జగ్గులోకి వంచారు. ఇంత చేశాక లెక్చరర్ గారు "ఇంకో గంట ఊపిరి పీల్చుకోనివ్వాలి" అన్నారు. ఊపిరి సలపనిది మాకు, పీల్చుకునేది మీరు.

ఆ గంటలోనే మీ పుట్టుపూర్వోత్తరాలు బయటపడ్డాయి. ద్రాక్షరసం పులుస్తుండగా, ఇంకా సగం తీపి ఉన్నప్పుడే అందులో 77 శాతం ఆల్కహాల్ ఉన్న ద్రాక్ష సారా పోస్తారట. పులియబెట్టే ఈస్టు చచ్చిపోతుంది, తీపి మిగిలిపోతుంది, మీరు 20 శాతానికి చేరతారు. మొత్తంలో ఇంచుమించు అయిదో వంతు ఆ సారాయే. బ్యాంకు మేనేజర్ చాలాసేపు ఆలోచించి, "అంటే కల్తీ అన్నట్టే గదా" అన్నాడు. లెక్చరర్ గారికి కోపం వచ్చింది. కానీ నేను మేనేజర్ పక్షమే. మా దగ్గర కల్లులో ఏదన్నా కలిపితే ఎక్సైజ్ వాళ్లు కేసు రాస్తారు, మీ దగ్గర కలపకపోతే పోర్టు అనడానికే వీల్లేదు. ద్రాక్షను రాతి తొట్టిలో పోసి కాళ్లతో తొక్కుతారని కూడా తెలిసింది. మనిషి పాదం మెత్తగా ఉంటుంది, తొక్క నలుగుతుంది, గింజ పగలదు, చేదు దిగదు. ఆ మాట వినగానే డెంటిస్టు భార్య తన గ్లాసు కాస్త దూరం జరిపింది. క్వారీ ఆయన మాత్రం "తొట్టి కూడ గ్రానైటేనా?" అని అడిగి, అవునన్నాక తృప్తిగా తల ఊపాడు.

తర్వాత మర్యాదలు. జగ్గు ఎప్పుడూ ఎడమ చేతి వైపే తిరగాలి, ఎక్కడా ఆగకూడదు. ఎవరి దగ్గరైనా ఆగితే "ఇవ్వండి" అని అడగడం మోటు, "నార్విచ్ బిషప్ గారు మీకు తెలుసా?" అని అడగాలట, ఇంగ్లండులో అదే ఆనవాయితీ. జగ్గు సహజంగానే మేనేజర్ దగ్గర ఆగింది. లెక్చరర్ గారు ఆ ప్రశ్న వేశారు. "నార్విచ్ ఆయన తెల్వదు సార్, డోర్నకల్ బిషప్ అయితే ఎరుకే, మా బ్రాంచిలనే ఖాతా ఉండె" అని మేనేజర్ తన గ్లాసు నింపుకున్నాడు. ఇంకో విడత ప్రశ్న పడే లోపు జగ్గులో రెండంగుళాలు తగ్గింది.

ఇక రుచి. తాగే ముందు అందరూ ముక్కులు గ్లాసులో పెట్టారు. ఒకరికి అంజీర, ఒకరికి ఎండు ద్రాక్ష, డెంటిస్టుకు పాత తోలు, పొగాకు, "పాత గడ్డివాములో వచ్చే ఒక రకమైన కాంప్లెక్సిటీ" తగిలాయి. ఈ డెంటిస్టే దొరా, స్టేషన్ ఘన్‌పూర్ దాటుతుంటే ఈతవనం దగ్గర కల్లు మండువ రాగానే కారు అద్దాలు ఎత్తిస్తాడు. కంపట. పొద్దున గీసిన కల్లు సాయంత్రానికి పుల్లబడుతుంది, దానికి చరిత్ర లేదు, లేబుల్ లేదు, ఏ ఏడాదిదో అచ్చెయ్యరు, అందుకని కంపు. మీరు నలభై ఏళ్లు సీసాలో మగ్గారు కాబట్టి కాంప్లెక్సిటీ. మూత తీశాక మీరూ ఒకటి రెండు రోజులకు మించి నిలవరని మాత్రం ఎవరూ గట్టిగా అనలేదు.

నా మటుకు నేను ఒప్పుకుంటాను, మీరు బాగున్నారు. మొదటి గుక్కలో ఏమీ తెలియలేదు, వట్టి తీపి, వట్టి వేడి. గంట తర్వాత గ్లాసులో మిగిలినది తాగితే నేరేడు పండు తిన్నాక నాలుక మీద ఉండే వగరు, దాని వెనక ఎంతసేపటికీ పోని ఏదో మంచి వాసన. మీకు జోడీ నీలి చారల చీజు, అక్రోట్లు అని పుస్తకాల్లో ఉంటుంది, కానీ నువ్వులు దండిగా పడ్డ సకినం ఒకటి కొరికి మీ గుక్క వేస్తే ఎంత కుదురుతుందో! బోటి ఫ్రై మాత్రం మీకు పడదు. కారం మిమ్మల్ని మింగేస్తుంది, మీరు కారాన్ని రెట్టింపు చేస్తారు. ఇంత చెప్పినా ఆ గదిలో ఏ తోకా లేకుండా "బాగుంది" అనే మాట క్వారీ ఆయన నోటి నుంచే వచ్చింది, మిగతా వాళ్లంతా "ఎయిటీ ఫైవ్ కదా మరి" అన్నారు. లేబుల్ మీద 2005 అని ఉంటే ఏమనేవారో నాకు తెలుసు, మీకూ తెలుసు.

చివరగా మనవి. డెంటిస్టు దగ్గర మీ చిన్న తమ్ముడు 2011 కూడా ఉన్నాడు, మంచి ఏడాదట, 2040 దాకా ముట్టవద్దని లెక్చరర్ గారి ఆజ్ఞ. ఎవరింట్లో ఉంచాలనే దగ్గర గొడవ మొదలైంది. ఎవరి ఇన్వర్టర్ గట్టిది అనే చర్చ కాస్తా 2040కి ఎవరు మిగులుతారు అనే దాని మీదికి మళ్లింది. మీలో లీటరుకు 100 గ్రాముల చక్కెర ఉంటుందని తెలిసిన క్షణం నుంచి సగం మంది మాత్రల డబ్బాలు తడుముకుంటూనే ఉన్నారు. చివరికి వచ్చే ఆదివారం అందరూ తమ తమ షుగర్ రిపోర్టులు తెచ్చి బల్ల మీద పెట్టాలని, తక్కువ ఉన్నవాళ్లకే సీసా అని తీర్మానమైంది. అత్తగారు హాల్లోంచి తన రిపోర్టు కూడా లెక్కలోకి తీసుకోమని కబురు పంపింది. ఆమెకు షుగర్ లేదు.

ఇట్లు,
మీ పాదాక్రాంతుడు, మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్షలో 7.8 వచ్చినందున పోటీ నుంచి ముందే తప్పుకున్నవాడు,
హనుమకొండ.