ఆంగ్లేయుల క్రిస్మస్ క్రతువు: ఒక సవినయ పరిశీలన

మన జిల్లాల్లో కలెక్టర్లుగా పనిచేసిన దొరలు మన పెళ్లిళ్లను, జాతరలను, ఎదురొచ్చిన పిల్లులను సైతం గెజిటీర్లలో ఎంతో ఓపికగా నమోదు చేసి వెళ్లారు. ఆ ఋణం మన మీద అలాగే ఉండిపోయింది. కాబట్టి, మూఢాచారాలు ఇతరులకే ఉంటాయని గట్టిగా నమ్మే ఆంగ్లేయ కుటుంబం డిసెంబరు 25న జరిపే క్రతువును నాకు చేతనైనంతలో ఇక్కడ నమోదు చేస్తున్నాను.

సంకల్పం నవంబరు చివరలోనే జరుగుతుంది. అడ్వెంటుకు, అంటే క్రిస్మస్ కోసం ఎదురుచూసే కాలానికి, ముందు ఆదివారం నాడు ఎండుద్రాక్ష, పశువుల కొవ్వు, బ్రాందీ కలిపిన పుడ్డింగు పిండిని ఇంటిల్లిపాదీ వంతులవారీగా తూర్పు నుంచి పడమరకు తిప్పాలి. బాలయేసును చూడవచ్చిన జ్ఞానులు తూర్పు నుంచి వచ్చారు గనుక గరిటె కూడా అటు నుంచే రావాలన్నది శాస్త్రం. వారాల తరబడి మాగిన ఆ పదార్థం మీద పండుగనాడు బ్రాందీ పోసి, దీపాలార్పి, నిప్పంటిస్తారు. అగ్నిసాక్షిగా తెచ్చినదాన్ని అందరూ చప్పట్లతో ఆహ్వానిస్తారు గానీ, తినేవారు తక్కువ. పూర్వం అందులో ఒక వెండి నాణెం కూడా దాచేవారు. అది దొరికినవారికి అదృష్టం, పన్ను విరగకపోతే.

ఈ ఆచారాలను తేలికగా తీసుకోరాదు. 1647లో పార్లమెంటు ఈ పండుగను రద్దు చేస్తే, కాంటర్బరీ ప్రజలు అల్లర్లకు దిగారు. అంత పోరాడి నిలుపుకున్న సంప్రదాయంలో చెట్టు జర్మనీది, టర్కీ కోడి అమెరికా ఖండానిది. అచ్చంగా స్వదేశీ అనదగినది బహుశా క్రాకర్ ఒక్కటే. 1840లలో టామ్ స్మిత్ అనే లండన్ మిఠాయి వ్యాపారి కనిపెట్టిన ఈ కాగితపు గొట్టాన్ని చెరొక కొస పట్టుకుని లాగితే టప్పున పేలి, పల్చని కాగితపు కిరీటం, పనికిరాని బొమ్మ, ఒక ఛలోక్తి రాసిన చీటీ బయటపడతాయి. ఛలోక్తి నాసిరకంగా ఉండటం లోపం కాదు, నియమం. అది బాగుంటే కొందరికే నవ్వు వస్తుంది. బాగోలేకపోతే, ఏడాదిగా మాటల్లేని బావామరదులు కూడా ఒక్కగొంతుతో మూలుగుతారు. ఆ రోజు రైళ్లు నడవవు కనుక, అలిగి లేచి వెళ్లిపోయే సౌకర్యం కూడా ఎవరికీ ఉండదు.

భోజనంలో బ్రస్సెల్స్ స్ప్రౌట్స్ అనే గోలీకాయంత క్యాబేజీలు తప్పనిసరి. వాటిని ఇష్టపడాలన్న నిబంధన మాత్రం ఎక్కడా లేదు.

మధ్యాహ్నం మూడు గంటలకు రాజుగారి ప్రసంగం. 1932లో ఐదవ జార్జి రేడియోలో మొదలుపెట్టిన ఈ ఆనవాయితీ 1957లో టెలివిజన్‌కెక్కింది. తెర మీద రాజుగారు సూటు వేసుకుని, కిరీటం లేకుండా కనిపిస్తారు. ఎదురుగా సోఫాలో ప్రజలు మాత్రం సగం చిరిగిన కిరీటాలు ధరించి, నిద్ర ఆపుకుంటూ కొలువుతీరి ఉంటారు. ప్రజాస్వామ్యాన్ని ఇంతకంటే ప్రశాంతంగా ఎవరూ ఆచరించి ఉండరని నా అభిప్రాయం.

ఇక పండుగ భోజనంలో మిగిలిన టర్కీ కోడి సంగతి. మర్నాడు, అంటే బాక్సింగ్ డే నాడు, దాన్ని చల్లగానే రొట్టెముక్కల మధ్య పెట్టుకుని తింటారు. అప్పటికీ తరగకపోతే చాలా ఇళ్లలో అలమర వెనుక నుంచి మసాలా పొడి డబ్బా బయటికి తీసి, ఉల్లిపాయలు వేయించి, కూర వండుకుంటారు. ఆ పూట ఎవరూ మారు వడ్డించుకోవడానికి మొహమాటపడరు.