ముందు జిగ్గు, తర్వాతే బెల్టు

చేతిని నమ్ముకున్న సమాజం బాగుపడదని నా గట్టి అభిప్రాయం. కన్ను మోసం చేస్తుంది, చెయ్యి వణుకుతుంది, పొద్దున చాయ్ పడకపోతే ఇంకా వణుకుతుంది. జిగ్గు వణకదు. తెలియనివాళ్ల కోసం చెప్తున్నా, జిగ్గు తనంతట తాను కోయదు, గుచ్చదు. తోలును కదలకుండా పట్టుకుని ప్రతిసారీ ఒకే చోట కోయిస్తుంది, ఒకే చోట గుచ్చిస్తుంది. హన్మకొండలో మా ఇంటి వెనక రేకుల షెడ్డులో ఇలాంటివి ఇప్పటికి 11 ఉన్నాయి. వాటితో ఎన్ని వస్తువులు చేశావని అడగడం సంస్కారం కాదు.

మా ఆవిడ అడిగింది.

మొదలుపెట్టింది ఒక్క బెల్టు కోసమే. బెల్టుకు మామూలుగా 5 బెజ్జాలు, ఒకదానికీ ఇంకోదానికీ మధ్య 25 మిల్లీమీటర్లు, నడుము నడిమి బెజ్జం దగ్గర ఆగాలి; అటు రెండు దసరా తర్వాతి రోజులకు, ఇటు రెండు జ్వరం తర్వాతి రోజులకు. ఇంత శాస్త్రం ఉన్న వస్తువును చౌరస్తాలో చెట్టు కింద కూర్చుని చెప్పులు కుట్టే పెద్దాయన, తోలు గుచ్చే ఆరె పట్టుకుని అందాజాగా పొడిచేస్తుంటే చూస్తూ ఊరుకోవాలా? వడ్రంగి దగ్గర ప్లైవుడ్ ముక్కలు, సన్‌మైకా తుక్కు అడుక్కొచ్చాను. బెల్టు వెడల్పుకు 38 మిల్లీమీటర్ల గాడి, చివర అడ్డుచెక్క, పైన బెజ్జాల పట్టీ. మూడు ఆదివారాలు పట్టింది.

మొదటి జిగ్గులో కొట్టిన బెజ్జంలో మేకు దింపి, అక్కడి నుంచి తర్వాతి బెజ్జానికి జరగాలి. మేకు అర మిల్లీమీటరు లూజు. సందుకు అర చొప్పున నాలుగు సందులకు 2 మిల్లీమీటర్లు పోయింది, అయితే ప్రతి బెల్టుకూ అంతే పోయింది, ఎంత నిజాయితీ! అప్పుడు తెలిసింది, కొలతలన్నీ ఒకే అంచు నుంచి తీసుకోవాలట, బెజ్జం నుంచి బెజ్జానికి పోతే తప్పు వడ్డీలా పెరుగుతుందట. రెండోది అలాగే చేశాను, మా పాప స్కూలు స్కేలుతో. ఆ స్కేలులో సున్నా అంచు దగ్గర ఉండదని, కొంచెం లోపల ఉంటుందని అయిదో తరగతి చదివే పిల్ల చెప్పేదాకా నాకు తట్టలేదు. సందులన్నీ సరిగ్గా 25, కానీ మొత్తం వరసే పక్కకు జరిగింది. మూడోది ఎండీఎఫ్‌తో, అంటే చెక్కపొడిని నొక్కి చేసిన పలకతో చేస్తే వానాకాలం చెమ్మకు ఉబ్బి, గాడిలో బెల్టు ఇరుక్కుపోయింది. ఇక తోలు సంగతి సరేసరి. చవకగా వచ్చిందని పొట్ట భాగం కొన్నాను, అది వీపు తోలులా ఉండదు, లాగితే సాగుతుంది. ఎంత కచ్చితంగా కోసినా సాయంత్రానికి దాని ఇష్టం.

అయినా నా నమ్మకం చెక్కుచెదరలేదు. 1163లో వేయిస్తంభాల గుడి కట్టినవాళ్లు ఒక్కో స్తంభానికీ కొత్తగా జానలు కొలుచుకుంటూ కూర్చున్నారా? ఓరుగల్లు కోటలో నాలుగు దిక్కులా ఒకే తీరు తోరణాలు నిలబెట్టింది అందాజా మీదేనా? జిగ్గు గురించి శాసనాల్లో లేదంటారు. ఉండదు, పనిమంతులకు రాసుకునే తీరిక ఎక్కడిది?

చివరికి బకిల్ కుట్టించుకోవడానికి ఆ పెద్దాయన దగ్గరికే పోవాల్సి వచ్చింది. నా బెల్టు అటూ ఇటూ తిప్పి చూశాడు, ఏమీ అనలేదు, అదే ఎక్కువ బాధ. కొత్త తోలు పట్టీ తీసి, సంచిలోంచి నల్లబడ్డ పాత బెల్టు ముక్క ఒకటి బయటికి లాగి, దాని మీద పరిచి, కాలి బొటనవేలితో నొక్కిపట్టి, పాత బెజ్జాల్లోంచి ఆరెతో అయిదు పోట్లు పొడిచాడు. అర నిమిషం.

"అన్నా, ఇది జిగ్గే కదా!" అన్నాను.

"ఏమో సారూ. మా నాయన పెట్టిన కొలత. ఆయన తంగేడు చెక్కతోని పదును పట్టిన తోలు ఇది."

జేబులోంచి వెర్నియర్ తీసి కొలిచాను. 24, 26, 25, 27. నాలుగు సందుల్లో ఒక్కటే సరైనది! వాళ్ల నాయన కాలం నుంచీ జనం ఈ ఘోరాన్ని కట్టుకుని తిరుగుతున్నారు. విషయం ఆయనకు మర్యాదగానే చెప్పాను.

"నడుముకు తెలుస్తదా సారూ?" అన్నాడు.

ఇలాంటి ప్రశ్నలకు మాటలతో జవాబివ్వకూడదు. ఇంటికొచ్చి 12వ జిగ్గు మొదలుపెట్టాను, పాత బెల్టు ముక్కల్లో తప్పులు సరిదిద్దడానికి. ఆయన ఆ ముక్క ఇవ్వనన్నాడు, అదొక్కటే చిక్కు. షెడ్డులో ఉన్నంతసేపూ లుంగీతోనే ఉంటున్నాను, ప్యాంటుకు బెల్టు లేదు.