మోకాలికీ మూడు ముళ్ళకీ

బోడిగుండుకూ మోకాలికీ ముడిపెట్టడంలో మనకు సాటి లేదన్నది పాత సంగతే. ఫుట్‌బాల్ ఆడే ఆడపిల్ల మోకాలికీ, ఆమె మెడలో ఏ పదేళ్ళకో పడబోయే మూడు ముళ్ళకూ ముడిపెట్టే నేర్పు మాత్రం ఆ మధ్య మా ఊరి పాఠశాలల పోటీల్లోనే నా కళ్ళబడింది. పదమూడేళ్ళ పిల్ల ఒకతె బంతి వెంట పరుగెత్తుతూ, ఎవరూ తాకకుండానే, చటుక్కున పక్కకు తిరగబోయి మోకాలు పట్టుకుని కూలబడింది. అందరికంటే ముందు మైదానంలోకి చేరినావిడ ఆ పిల్ల మేనత్త. "ఇంకెవడు చేసుకుంటాడే నిన్ను?" అని ఆవిడ అసలు విషయం తేల్చేసిన తరువాతే నొప్పి ఎక్కడన్న ప్రశ్న చర్చకు వచ్చింది. ఒక పెద్దమనిషి "బెణికి ఉంటుంది, లాగితే సర్దుకుంటుంది" అంటూ కాలు పట్టుకుని లాగాడు. మరొకాయన జేబులోంచి బామ్ సీసా తీశాడు. ఐసు తెమ్మన్నారు. ఐసు లేకపోలేదు, అతిథుల కూల్‌డ్రింకులు పెట్టిన డబ్బాలో ఉంది. అతిథులు తాగడమే ఇంకా పూర్తికాలేదు.

ఆ ఉదయపు కార్యక్రమాన్ని మొదటినుంచీ చూసినవాణ్ణి గనుక, ఏర్పాట్లలో ఏ లోపమూ జరగలేదని సాధికారంగా చెప్పగలను. పిల్లలు ఎనిమిది గంటలకే ఎండలో వరుసలు కట్టి నిలబడ్డారు. ముఖ్య అతిథి పదింటికి విచ్చేశారు. జ్యోతి వెలిగింది, శాలువాలు కప్పారు, క్రీడలకూ క్రమశిక్షణకూ గల సంబంధాన్ని వేదిక మీదివారంతా ఒకరి తరువాత ఒకరు ఇంచుమించు అవే మాటల్లో వివరించారు, ఫోటోగ్రాఫరు కోసం ప్రతి పిల్లతోనూ రెండేసిసార్లు కరచాలనం చేశారు. ఇదంతా ముగిశాక పీఈటీ సార్ గడియారం చూసుకుని, "టైం లేదు, వార్మప్ వద్దు, డైరెక్టుగా దిగిపోండమ్మా" అన్నారు. ఆ పిల్ల కాళ్ళకున్న బూట్లు వాళ్ళ అన్నవి. ముందు భాగంలో పాత చున్నీ ముక్క కుక్కి సైజు సరిచేశారు. అక్కడి మరుగుదొడ్డికి తలుపు లేకపోవడం వల్ల ఆడపిల్లలెవరూ పొద్దుటినుంచి గుక్కెడు నీళ్ళు తాగలేదు. ఇన్ని జాగ్రత్తలు తీసుకున్నా ఆ మోకాలు మాట వినలేదంటే లోపం మోకాలిదే అయి ఉండాలి.

నార్వే దేశస్థులకు సన్మానాల సంస్కారం కాస్త తక్కువ కాబోలు. వారు 2007 సీజన్‌లో 125 క్లబ్బులకు చెందిన 13 నుంచి 17 ఏళ్ళ ఆడపిల్లలను 1,892 మందిని తీసుకుని, కొన్ని క్లబ్బుల చేత ఆటకు ముందు ఇరవై నిమిషాలపాటు ఒక క్రమంలో వ్యాయామం చేయించి, తక్కిన క్లబ్బులను వారి మామూలు పద్ధతికే వదిలిపెట్టి, ఎనిమిది నెలలు గాయాల లెక్క రాశారు. మరుసటి ఏడు ప్రకటించిన ఫలితాల ప్రకారం, వ్యాయామం చేసిన జట్లలో గాయాలు మొత్తం మీద మూడోవంతు తక్కువ, తీవ్రమైనవి దాదాపు సగం తక్కువ. ఫిఫా వారు '11 ప్లస్' అని పిలిచే వ్యాయామం ఇదే. స్వీడన్‌లో 4,564 మంది ఆడపిల్లల మీద జరిగిన మరో ప్రయోగంలో వారానికి రెండుసార్లు పావుగంట సాధన చేసిన జట్లలో మోకాలిలోని ఏసీఎల్ అనే కట్టు తెగడం 64 శాతం తక్కువని 2012లో తేలింది. ఇందులో యంత్రం లేదు, ఇంజెక్షన్ లేదు, కనీసం టెండరైనా లేదు. టెండరు లేని పథకం మీద ఎవరికి మాత్రం నమ్మకం కుదురుతుంది?

ఏసీఎల్ అంటే తొడ ఎముకనూ కాలి ఎముకనూ మోకాలి లోపల పట్టి ఉంచే తాడు వంటి కట్టు. అది ఎక్కువగా ఎవరో తన్నితే తెగేది కాదు. ఎగిరి దిగేటప్పుడో, పరుగు ఆపేటప్పుడో, మలుపు తిరిగేటప్పుడో మోకాలు వంగకుండా, లోపలివైపు కూలినప్పుడు తెగుతుంది. అదే ఆట ఆడే మగపిల్లలకంటే ఆడపిల్లలకు ఈ ముప్పు రెండు మూడు రెట్లు ఎక్కువ, అదీ ఈడు వచ్చే వయసునుంచే. "చూశారా, ఆ శరీరమే అంత" అని మా పోటీల కమిటీ సభ్యులు ఎంతో ఊరటతో నిట్టూర్చారు. శరీర నిర్మాణం, హార్మోన్లు అంటూ శాస్త్రవేత్తలు ఇంకా వాదించుకుంటున్నారు గాని, మోకాలు వంచి, పాదానికి సూటిగా నిలిపి, మెత్తగా నేలకు దిగడం మాత్రం నేర్పితే వచ్చే విద్య అని అందరూ ఒప్పుకుంటున్నారు. ఈ ఒప్పుకోలు చాలా ప్రమాదకరమైనది, ఎందుకంటే నేర్పితే వచ్చేదని తేలిన మరుక్షణం నేర్పవలసినవాడెవడన్న ప్రశ్న వస్తుంది.

ఆ విదేశీ వ్యాయామాల పట్టిక తెప్పించుకుని చూసి నేను నిర్ఘాంతపోయాను. ఒంటికాలి మీద నిలబడడం, ఆ నిలబడ్డ పిల్లను తోటి పిల్ల తోస్తుంటే పడకుండా కాసుకోవడం, గుంజీలు, ఎగిరి దిగడం, మోచేతుల మీద ఒంటిని బల్లలా నిలపడం. వీటిలో సగం మన బడులలో తరతరాలుగా ఉచితంగా అందుతున్నవే! ఎక్కం తప్పితే గుంజీలు, ఆలస్యమైతే ఒంటికాలు, అల్లరికి గోడకుర్చీ. ఇక తొక్కుడుబిళ్ళలో గీత తొక్కకుండా ఒంటికాలి మీద దిగి ఆగడమన్నది, పెద్దలు "ఎదిగిన పిల్లవి, ఆ గెంతులేమిటి" అని మాన్పించేదాకా, మన ఆడపిల్లలందరికీ వచ్చిన విద్యే. మాన్పించే వయసూ మోకాళ్ళకు ముప్పు మొదలయ్యే వయసూ ఒకటే కావడం కేవలం కాకతాళీయం. కనుక ప్రత్యేక శిక్షణ అక్కరలేదు, ఫుట్‌బాల్ జట్టులోని పిల్లలు వారానికి మూడుసార్లు హోంవర్కు ఎగ్గొడితే చాలునని కమిటీకి ప్రతిపాదించాను. లెక్కల మాస్టారు ఇప్పుడు శిక్షలు నిషేధమని గుర్తుచేయడంతో ఆ ప్రతిపాదన వీగిపోయింది.

సమయం చాలదన్న పీఈటీ సార్ అభ్యంతరాన్ని మాత్రం తేలిగ్గా తీసుకోలేము. ఆ నార్వే వ్యాయామానికి సమయం ఎక్కువ పడుతుందని భావించిన శిక్షకుల జట్లు దాన్ని తక్కువసార్లు చేశాయనీ, ఎక్కువసార్లు చేసిన పిల్లలకు గాయాల ముప్పు తగ్గిందనీ ఆ పరిశోధకులే తరువాత తేల్చారు. అంటే మన సార్‌కు అంతర్జాతీయ మద్దతు ఉంది.

ఇక కమిటీ ఏకగ్రీవంగా ఆమోదించిన నివారణ మార్గం ఒక్కటే: ఆడించకపోవడం. ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టడాన్ని లోకం వెక్కిరిస్తుంది గాని, తగలబడ్డ ఇంట్లో ఎలుకలుండవన్నది కాదనలేని సత్యం. ఇంగ్లండ్ క్రీడాకారిణులు లియా విలియమ్‌సన్, బెత్ మీడ్, నెదర్లాండ్స్ క్రీడాకారిణి మీడెమా అంతటివారే ఏసీఎల్ తెగి 2023 మహిళల ఫుట్‌బాల్ ప్రపంచకప్‌కు దూరమయ్యారు, మన పిల్లలెంత అని మా కార్యదర్శిగారు ఉదాహరించారు. నిజామాబాద్ జిల్లా నుంచి బయలుదేరిన ఫుట్‌బాల్ క్రీడాకారిణి గుగులోత్ సౌమ్య క్రొయేషియాలోని దినామో జాగ్రెబ్ క్లబ్బు దాకా వెళ్ళిరావడం, 2025 జూలైలో మన మహిళల జట్టు థాయ్‌లాండ్‌ను వారి గడ్డ మీదే 2-1తో ఓడించి ఆసియా కప్‌కు అర్హత సంపాదించడం వంటివి ఈ విధానానికి కొంత అడ్డు వస్తున్న మాట నిజమే. వాటిని మినహాయింపులుగా నమోదు చేసుకున్నాము. ఆ పదమూడేళ్ళ పిల్లను ఆటనుంచి మాన్పించారు. శస్త్రచికిత్స అయితే తొమ్మిది నెలలకు తక్కువ కాకుండా ఆగి మళ్ళీ ఆడవచ్చునని వైద్యులు చెప్పినప్పుడు మేనత్తగారికి మొదటి సగమే వినబడింది.

అయినా నిర్వాహకులు అలక్ష్యం చేయలేదు. వచ్చే నెల పోటీల ఆహ్వానపత్రిక నిన్ననే అందింది. జ్యోతి ప్రజ్వలన, స్వాగతోపన్యాసం, సన్మానం, క్రీడాకారిణుల పరిచయం, ఆ వెంటనే ఆట. సన్మానానికీ ఆటకూ నడుమ సన్నాహం ఎక్కడైనా ఉందేమోనని కళ్ళద్దాలు తుడుచుకుని మరీ వెతికాను. దొరకలేదు గాని, ఆటకు ముందు పిల్లలందరినీ వరుసల్లో నిలబెట్టి ఇప్పించే ప్రత్యేక ప్రసంగం ఒకటి ఈసారి కొత్తగా చేర్చారు. అంశం 'బాలికల ఫుట్‌బాల్‌లో గాయాల నివారణ', వక్త నేను. నాకు కేటాయించిన సమయం సరిగ్గా ఇరవై నిమిషాలు.