మహారాజశ్రీ ఫ్లెక్సీ గారికి, బెజవాడ నుంచి

మహారాజశ్రీ ఫ్లెక్సీ గారికి,

నమస్కరించి వ్రాయునది. ఇక్కడ అందరం క్షేమం. మీ క్షేమం వేరే అడగక్కర్లేదు. బెంజ్ సర్కిల్లో ఎర్రలైటు కనపడకుండా నిలబడ్డారంటే కులాసాగా ఉన్నట్టే. 2022 ఆగస్టులో మిమ్మల్ని రాష్ట్రమంతా నిషేధిస్తున్నామన్నారు. నవంబరు 1 అన్న గడువు కాస్తా 2023 జనవరి 26కి జరిగింది. ఆ నిషేధానికి హర్షం ప్రకటిస్తూ కూడా ఎక్కడో మిమ్మల్నే కట్టి ఉంటారని మా అనుమానం.

అసలు సంగతికొస్తాం. భూమికి అవతల ప్రాణి ఉందని ఏదో ఒకరోజు ఖాయంగా తేలితే జనం ఏమైపోతారోనని పెద్దపెద్దవాళ్లు బెంగపడుతుంటారు. గుండెలు ఆగుతాయట, గుళ్లు ఖాళీ అవుతాయట. మీ సంగతి తెలియక అంటారు గానీ, ఆ రాత్రి బెజవాడలో ఎవరి గుండే ఆగదు. గవర్నర్‌పేట సందుల్లో ప్రింటింగ్ మిషన్ కూడా ఆగదు.

మీరు పుట్టకముందు ఒకసారి భయపడ్డాం, ఒప్పుకుంటాం. 1979 జులైలో అమెరికా వాళ్ల 77 టన్నుల అంతరిక్ష కేంద్రం స్కైలాబ్ ఆకాశంలోంచి ఊడిపడుతోందంటే, ఎటూ పోయేవాళ్లమే కదా అని మన పల్లెల్లో మేకల్నీ కోళ్లనీ కోసుకు తినేశారు. 11వ తేదీన అది హిందూ మహాసముద్రంలోనూ, పశ్చిమ ఆస్ట్రేలియాలోనూ పడింది. అక్కడి ఎస్పరెన్స్ ఊరివాళ్లు చెత్త పారేసినందుకు నాసాకి 400 డాలర్ల జరిమానా రాశారు. అదే లెక్కన మన కార్పొరేషన్ మీ మీద జరిమానా వేస్తే మెట్రో రైలు సొంత డబ్బుతో వేసుకోవచ్చు.

ఇప్పుడు ఆ భయం లేదు. అరిజోనా స్టేట్ యూనివర్సిటీలో మైఖేల్ వార్నమ్ బృందం, భూమికి అవతల సూక్ష్మజీవి దొరికితే మీకేమనిపిస్తుందని అమెరికా జనాన్ని అడిగింది. భయం కంటే సంతోషమే ఎక్కువ కనపడిందని 2018లో అచ్చేశారు. అక్కడ సంతోషంతో ఆగారు. మన దగ్గర సంతోషానికి కొలత ఉంది: పది బై ఎనిమిది అడుగులు, తాడు కట్టే రింగులు, అదే ఐలెట్లతో సహా.

ఇలాంటి వార్త వస్తే ఎలా నడుచుకోవాలో 1989లోనే ఇంటర్నేషనల్ అకాడమీ ఆఫ్ ఆస్ట్రోనాటిక్స్ వాళ్లు ఒక ప్రోటోకాల్ రాసిపెట్టారు. సిగ్నల్ పట్టినవాడు ముందు తనే అనుమానించాలి. తర్వాత వేరే చోటివాళ్లు తమ టెలిస్కోపుతో చూడాలి. నిజమని తేలాకే లోకానికి చెప్పాలి, చెప్పేటప్పుడు దాపరికం ఉండకూడదు. దేశాలన్నీ మాట్లాడుకోకుండా జవాబు మాత్రం పంపకూడదు. మీరేమో వార్త వచ్చిన పూటకే ‘సుస్వాగతం’ అంటారు. అది జవాబు కాక మరేమిటండీ?

మీ ప్రోటోకాల్ ముందు వాళ్లది ఏపాటి! ఎడమ మూల దేవుడు, కుడి మూల పెద్ద నాయకుడు, మధ్యలో నియోజకవర్గం నాయకుడు నిలువెత్తున నడిచొస్తూ. కింద ‘శుభాకాంక్షలతో’ అని రెండు డజన్ల గుండ్రటి తలకాయలు. ఒక తల పక్క తలకంటే అర అంగుళం పెద్దదైతే, తడి ఆరకముందే షాపులో చించేస్తారు. గ్రహాంతరవాసికి చోటెక్కడ? సందర్భం ఆయనదే కాబట్టి తీసెయ్యలేరు. డివిజన్ ప్రెసిడెంటు భుజం పక్కన, పాస్‌పోర్టు సైజులో ఇరికిస్తారు. పైన ‘గెలాక్సీ ఆశాజ్యోతి’ అన్న బిరుదు మాత్రం ఆయనకి కాదు, ప్రెసిడెంటుకే.

మీ తయారీలో వచ్చే తిప్పలు మాకు తెలియనివి కావు. గ్రహాంతరవాసి అంటే ఆకుపచ్చ అని జనం ఎప్పుడో తీర్మానించేశారు. స్క్రీను మీద ఆ పచ్చ మెరుస్తుంది, మిషన్లో ఉన్నవి నాలుగు రంగుల ఇంకులు. నీలం, పసుపు కలిస్తే ఆ మెరుపు రాదు. బయటికొచ్చేసరికి గోంగూర ఉడికిన రంగు. ఫోటో కూడా వాట్సాప్‌లోనే వస్తుంది, అప్పటికే పిండి పిప్పై. పది అడుగులకు సాగదీస్తే ముక్కూ మూతీ గళ్లగళ్లుగా విడిపోతాయి. ‘డాక్యుమెంట్‌గా పంపన్నా’ అని డిజైన్ కుర్రాడు మొత్తుకున్నా వినేవాడుండడు. ఈసారి ఒక సౌకర్యం, అసలు ముఖం ఎలా ఉంటుందో ఎవరికీ తెలియదు గనక గళ్లు ఉన్నా అడిగేవాడు లేడు. ఇక అక్షరాలు. ఫోనులో కొట్టిన తెలుగుని పాత ఫోటోషాప్‌లో పేస్టు చేస్తే ఒత్తులు ఊడి పక్కకొచ్చి కూర్చుంటాయి. ‘స్వాగతం’ అన్నది ‘స్‌వాగతం’ అవుతుంది. డీటీపీ వాళ్ల అను ఫాంటులో మళ్లీ కొట్టాలి, రాత్రి పన్నెండింటికి అంత ఓపిక ఎవరికి? తేడా వస్తే అది వాళ్ల భాష అని చెప్పుకోవచ్చు.

రోలు వెడల్పు పది అడుగుల చిల్లర. అంతకంటే పెద్దదంటే రెండు ముక్కలు అతకాలి, అతుకు నాయకుడి ముఖం మీదుగా పోకూడదు. కాబట్టి అది ఎవరి ముఖం మీదుగా పోతుందో వేరే చెప్పాలా? రెండడుగులకో ఐలెట్, రీపర్ల ఫ్రేము, సరుగుడు కర్రలు, బైండింగ్ వైరు. ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ గాలికి మీరు తెరచాపలా ఉబ్బి ఫ్రేముతో సహా జనం మీద పడతారు గనక, గాలి పోవడానికి అక్కడక్కడా అర్ధచంద్రాకారంలో కోతలు పెట్టాలి. పెట్టేవాడు తలలు లేని చోటు వెతుక్కుంటాడు, దొరకదు.

ఇంత పనీ అయ్యాక ఆ సిగ్నల్ ఉత్తదని తేలితే? తేలుతుంది, ఎక్కువసార్లు అలాగే తేలింది. 2019 వసంతంలో ఆస్ట్రేలియాలోని పార్క్స్ 64 మీటర్ల డిష్ మనకి అతి దగ్గరి నక్షత్రం ప్రాక్సిమా సెంటారీ వైపు చూస్తుంటే 982 మెగాహెర్ట్జ్ దగ్గర ఒక సన్నటి గీత దొరికింది. డిష్‌ని నక్షత్రం వైపు కాసేపు, పక్కకి కాసేపు తిప్పుతారు. పక్కకి తిప్పినప్పుడు కూడా వినిపిస్తే అది మన గోలే. ఈ గీత మొదట ఆ పరీక్ష నెగ్గింది, బీఎల్‌సీ1 అని పేరు కూడా పెట్టారు. 2020 డిసెంబరులో సంగతి పత్రికలకి పొక్కింది. వాళ్లు మాత్రం తీరిగ్గా పాత రికార్డంతా జల్లెడ పట్టారు. అదే పోలికలున్న గీతలు వేరే ఫ్రీక్వెన్సీల్లో బోలెడు, డిష్ పక్కకి తిరిగినప్పుడు కూడా. మనుషుల ఎలక్ట్రానిక్ సామాను చేసిన రొద అని 2021 అక్టోబరులో తేల్చారు. పొక్కిన దగ్గర్నుంచి తేలేదాకా పది నెలలు. మీకైతే మాపటికి ఆర్డరిస్తే రేపొద్దున కట్టేస్తారు.

అదే పార్క్స్‌లో ఏళ్ల తరబడి అంతుపట్టని మెరుపు సిగ్నళ్లు కొన్ని వచ్చేవి. 2015లో దొంగ దొరికాడు: మైక్రోవేవ్ అవెన్. వేడెక్కడం పూర్తికాకముందే ఎవరో తలుపు లాగేవారు. అన్నం దగ్గర ఆగలేకపోవడం ఒక్క మన జబ్బే కాదన్నమాట.

ఇంకో చిక్కు చెప్పాలి, మీకు నచ్చదు. వచ్చే వార్తలో తలా కాళ్లూ ఉన్న ప్రాణి ఉండే ఆశ తక్కువ. 2025 ఏప్రిల్లో కేంబ్రిడ్జిలో నిక్కు మధుసూదన్ బృందం, 124 కాంతి సంవత్సరాల అవతల కే2-18బి అనే గ్రహం గాలిలో డైమిథైల్ సల్ఫైడ్ జాడ కనపడినట్టుందని చెప్పింది. భూమి మీద అది ఎక్కువగా సముద్రపు నాచులాంటి సూక్ష్మజీవుల వల్ల పుట్టే వాయువు. వాళ్లే మూడు సిగ్మా అన్నారు, అంటే కాకతాళీయంగా అలా కనపడే అవకాశం 0.3 శాతం. ఖాయమనాలంటే ఐదు సిగ్మా కావాలి. అదే లెక్క మళ్లీ వేసిన వేరేవాళ్లు అంత బలం లేదన్నారు. ఇక్కడ మనవాళ్లు ఆయన మన జిల్లావాడా కాదా అని ఆరా తీసే లోపల అక్కడ ఆ వాదన నడుస్తూనే ఉంది. వాయువుకి ఫోటో ఎక్కడ తెస్తారు? కళ్లజోడు ఎలా పెడతారు? గజమాలకి క్రేన్ మాట్లాడాక దండ దేని మెడలో వేస్తారు?

చివరికి నాయకుడి మెడలోనే వేస్తారనుకోండి. దానికేం.

రియల్ ఎస్టేట్ వారి బోర్డు ఊహించుకోవడానికి కష్టపడక్కర్లేదు: ‘ల్యాండింగ్ సైట్‌కి ఐదు నిమిషాలు, ఈశాన్యం వాకిలి’. కోచింగ్ సెంటర్ల వాళ్లు ప్రాక్సిమా బ్యాచ్ మొదలెడతారు. గుంటూరు మిర్చి యార్డులో మాత్రం వార్త మొత్తం విని, వాళ్లు కారం తింటారా అని ఒక్క ప్రశ్న అడిగి, తేజ రకం మిర్చి రేటు చూసుకుంటారు. మాకు తెలిసినంతలో ఇంత నిబ్బరంగా వార్త పుచ్చుకోగలిగే చోటు అదొక్కటే.

ప్రాక్సిమా దూరం 4.24 కాంతి సంవత్సరాలు. మీ ‘సుస్వాగతం’ వాళ్ల కంట పడాలన్నా నాలుగేళ్లు పైనే, తిరుగు టపాకి మరో నాలుగు. అంతదాకా మీరెక్కడ ఉంటారు? రోహిణి కార్తె ఎండకి మీ ఇంకులో ముందు ఎరుపు, పసుపు పోతాయి, ఎక్కువగా నీలమే మిగులుతుంది. ఒక్క వేసవి గడిస్తే నాయకుడూ గ్రహాంతరవాసీ ఒకే రంగులో కనపడతారు.

ఆ తర్వాత మిమ్మల్ని ఎవరో రాత్రికి రాత్రి విప్పుకుపోతారు. ఇడ్లీ బండికి పరదా కావచ్చు, గడ్డివాముకి కప్పు కావచ్చు. గుంటూరు వైపు పోతే మిర్చి కల్లం. అక్కడ రైతు బొమ్మ వైపు కిందికి, తెల్ల వైపు పైకి పరుస్తాడు. రంగు కాయకి అంటకూడదు కదా. పైన ఎర్రగా మిరపకాయలు, కింద ప్రెసిడెంటు గారు, ఆయన భుజం పక్కన పాస్‌పోర్టు సైజులో ఆ పచ్చ ముఖం, ముక్కు మట్టికి ఆనించి. భూమిని వాళ్లు మొట్టమొదట తాకడం అలా జరుగుతుంది.

ఇట్లు,
మీ వెనకున్న ఎర్రలైటు కోసం ఇంకా వెతుకుతున్న,
బెజవాడ వాస్తవ్యులు