అంతరిక్షంలో పెసలు మొలిచాయి, మరి మన హైస్కూల్ పిల్లలకి పనేది?

మా గోదావరి డెల్టా వైపు వరి కోతకి ముందే, చేను ఇంకా నిలబడి ఉండగానే పెసలు, మినుములు చల్లేస్తారు, కోత అయ్యేసరికి మాగాణి తడికే మొలక వచ్చేస్తుంది. 2025 జూన్ 25న బయల్దేరి అంతర్జాతీయ స్పేస్ స్టేషన్‌కి వెళ్ళిన మన వ్యోమగామి శుభాంశు శుక్లా అక్కడ చేసిన పనుల్లో ఒకటి పెసలు, మెంతులు మొలకెత్తించడం అని పేపర్లో చదివినప్పుడు నాకు ముందు ఆ చేనే కళ్ళ ముందుకొచ్చింది. ధార్వాడ్ వ్యవసాయ యూనివర్సిటీ, ధార్వాడ్ ఐఐటీ వాళ్ళు కలిసి పంపిన ప్రయోగం అది. అంతకు ఆరు నెలల ముందు, 2024 డిసెంబర్ 30న వెళ్ళిన పీఎస్ఎల్వీ సీ60 రాకెట్ చివరి భాగాన్నే ఇస్రో ఒక చిన్న ప్రయోగశాలలా వాడింది, దాన్ని పోయెమ్-4 అంటారు, అందులో 8 అలసంద గింజలు పెడితే నాలుగు రోజుల్లో మొలిచాయి. అలసందలంటే మనం బొబ్బర్లు అనేవే.

అంటే పైకి వెళ్ళినవి మన ఇంట్లో గుడ్డలో మూటగట్టి నానబెట్టే గింజలే. మరి అమలాపురం, నరసాపురం, రామచంద్రపురం వైపు హైస్కూళ్ళలో చదివే పిల్లలకి ఈ సైన్సులో చెయ్యడానికి ఏదైనా పని ఉందా అని అడిగితే, చాలామంది మాస్టార్లు కూడా "అదంతా ఇస్రో వాళ్ళ పనండి" అనేస్తున్నారు. నా అభిప్రాయం వేరు. ఈ సైన్సులో సగం పని నేల మీదే జరుగుతుంది, ఆ సగం పిల్లలు చెయ్యగలిగిందే, మనమే దాన్ని వాళ్ళ చేతికి ఇవ్వట్లేదు.

ఎందుకంటున్నానంటే, పైన ఒక గింజ మొలిచిందంటే దానికి జోడీగా కింద అదే రకం గింజ, అదే నీళ్ళు, అదే వెలుతురులో మొలవాలి, లేకపోతే వచ్చిన తేడా గురుత్వాకర్షణ లేకపోవడం వల్లో, గింజ పాతబడటం వల్లో ఎవరూ చెప్పలేరు. కింద చేసే ఈ జోడీ ప్రయోగానికి ఖరీదైన ల్యాబ్ అక్కర్లేదు, ఓపిక కావాలి, రోజూ స్కేలు పట్టుకుని కొలిచి రాసేవాళ్ళు కావాలి. అమెరికాలో మయామీలో ఉన్న ఫెయిర్‌చైల్డ్ బొటానిక్ గార్డెన్ నాసాతో కలిసి 2015 నుంచి చేస్తున్నది ఇదే. స్పేస్ స్టేషన్‌లో ఏ ఆకుకూర బాగా పెరుగుతుందో ముందుగా స్కూలు పిల్లల చేత క్లాస్‌రూముల్లో పెంచి చూపిస్తారు, వాళ్ళు కొలిచిన లెక్కల్లోంచే డ్రాగూన్ అనే లెట్యూస్, పొట్టి రకం పాక్ చోయ్ స్టేషన్ దాకా వెళ్ళాయి. ఆ పిల్లలు రాకెట్ ఎక్కలేదు, తొట్టెల్లో మొక్కలు పెంచారు అంతే.

మన దగ్గర ఇదే మాట ఎత్తితే కొన్ని ప్రైవేటు స్కూళ్ళు "నాసా ట్రిప్" అని లక్షల్లో ఫీజు చెబుతాయి. పిల్లాడికి ఉత్సాహం వస్తుందంటే కాదనను, నేనూ చిన్నప్పుడు అలాంటివి చూడాలని కలలు కన్నవాణ్ణే. కానీ చూసి రావడం వేరు, పాలుపంచుకోవడం వేరు, చేపల పులుసు చెరువు గట్టున కూర్చుంటే రాదు కదా. ఇంకో చిక్కు, యూట్యూబ్‌లో కనిపించే కార్యక్రమాలు కొన్ని మన పిల్లలకి తెరిచి ఉండవు. రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ మీద పిల్లలు రాసిన కోడ్‌ని స్టేషన్‌లో నడిపించే ఆస్ట్రో పై ఉంది, అది ముఖ్యంగా యూరప్ అంతరిక్ష సంస్థ సభ్య దేశాల పిల్లల కోసం. అప్లై చేసి నిరాశపడే ముందు అర్హత చూసుకోవడం మంచిది.

అందరికీ తెరిచి ఉన్నది రేడియో. దీని గురించి కొంచెం ఎక్కువ చెప్తాను, ఎందుకంటే నేను కళ్ళారా చూశాను. స్పేస్ స్టేషన్‌లో హామ్ రేడియో, అంటే మామూలు జనం సరదాగా, నేర్చుకోవడానికి వాడే రేడియో, ఉంది, అప్పుడప్పుడు కొన్ని రోజులపాటు 145.800 మెగాహెర్ట్జ్ మీద బొమ్మల్ని శబ్దంగా మార్చి కిందకి పంపుతుంటారు. అమలాపురం దగ్గర ఒక ఊళ్ళో జడ్పీ హైస్కూల్ మేడ మీదకి అలాంటి ఒక సాయంత్రం ఫిజిక్స్ మాస్టారు ఒక పాత ల్యాప్‌టాప్, చిన్న యూఎస్‌బీ రేడియో డాంగిల్ పట్టుకొచ్చారు, యాంటెన్నా అంటే అరమీటరు పొడుగున్న అల్యూమినియం తీగలు రెండు, వి ఆకారంలో ఒక చెక్కకి బిగించి పిల్లలే చేశారు. చుట్టూ కొబ్బరి చెట్లే కాబట్టి స్టేషన్ పడమట దిక్కున పైకి వచ్చినా మొదట అంతా గరగరే. చెట్ల తలలు దాటి పైకి వచ్చాక ల్యాప్‌టాప్ స్పీకర్‌లోంచి ఈల వేసినట్టు, వానాకాలం రాత్రి కీచురాళ్ళు అరిచినట్టు ఒక శబ్దం మొదలైంది, ఒక అమ్మాయి ఫోన్ దాని దగ్గర పెట్టింది, ఫోన్‌లో రోబోట్36 యాప్, అందులో పైనుంచి కిందకి గీత గీతగా బొమ్మ దిగడం మొదలైంది. ఒక బొమ్మకి రెండు నిమిషాలు పడుతుంది. ఆ రెండు నిమిషాలూ మేడ మీద ఎవరూ మాట్లాడలేదు. బొమ్మ సగం చెడిపోయింది, మధ్యలో పొడ పట్టినట్టు చుక్కలు, అయినా అక్షరాలు చదవగలిగారు.

దాని తర్వాత జరిగింది నాకింకా ముఖ్యం. "మాస్టారండీ, మధ్యలో ట్యూనింగ్ ఎందుకు జరుపుతున్నారండి" అని ఒక పిల్లాడు అడిగాడు. గంటకి సుమారు 28,000 కిలోమీటర్ల వేగంతో వస్తున్న వస్తువు నుంచి వచ్చే ఫ్రీక్వెన్సీ, దగ్గరికి వస్తున్నప్పుడు కాస్త ఎక్కువగా, దాటిపోతున్నప్పుడు కాస్త తక్కువగా వినిపిస్తుంది, రోడ్డు మీద బస్సు హారన్ కొట్టుకుంటూ దాటిపోతే స్వరం పడిపోయినట్టు. అసలు ఫ్రీక్వెన్సీకి అటూ ఇటూ తేడా సుమారు మూడున్నర కిలోహెర్ట్జ్. వాళ్ళు దాన్ని కాగితం మీద రాసుకుని, స్టేషన్ వేగం ఎంతో వెనక్కి లెక్కగట్టే ప్రయత్నం చేశారు. పుస్తకంలో డాప్లర్ పాఠం వాళ్ళకి ఇంకా రాలేదు.

వినడం దాటి మాట్లాడే దారి కూడా ఉంది. అరిస్ అనే కార్యక్రమంలో స్కూలు ముందుగా పిల్లలకి ఏం నేర్పుతామో ప్లాన్ రాసి అప్లై చేస్తే, ఒప్పుకుంటే స్టేషన్ తలమీద నుంచి వెళ్ళే పది నిమిషాల్లో పిల్లలు నేరుగా వ్యోమగామిని ప్రశ్నలు అడగొచ్చు. స్కూల్లో రేడియో స్టేషన్ లేకపోయినా, వేరే దేశంలోని గ్రౌండ్ స్టేషన్ ద్వారా లైన్ కలుపుతారు. 2025 జూలైలో శుక్లా కూడా హామ్ రేడియోలో బెంగళూరులోనూ, ఈశాన్య రాష్ట్రాల్లోనూ పిల్లలతో మాట్లాడారు. ప్రసారం చెయ్యాలంటే లైసెన్సు కావాలి, మన దేశంలో 12 ఏళ్ళు నిండినవాళ్ళు పరీక్ష రాయొచ్చు. కోనసీమకి ఇది ఇంకో విధంగానూ అవసరం. 1996 నవంబర్ తుఫాను చూసినవాళ్ళని అడగండి, స్తంభాలు పడిపోయి ఊరికీ ఊరికీ మాట లేని రోజులు ఎలా ఉంటాయో. ప్రతి మండలంలో హామ్ లైసెన్సున్న పిల్లలు పది మంది ఉంటే అది స్పేస్ సైన్సూ అవుతుంది, తుఫాను రక్షణా అవుతుంది.

ఇక గింజల దగ్గరికి వస్తే, కింద ఉండి గురుత్వాకర్షణని తీసెయ్యలేం గానీ మొక్కని తికమక పెట్టొచ్చు. వేరు కొనలో చిన్న చిన్న పిండి రేణువులుంటాయి, అవి బరువుకి కిందకి దిగితేనే వేరుకి కింద ఏదో తెలుస్తుంది. మొలకని అడ్డంగా పెట్టి నెమ్మదిగా తిప్పుతూ ఉంటే ఆ రేణువులు ఒక వైపు స్థిరపడలేవు. దీన్ని క్లినోస్టాట్ అంటారు, ఐక్యరాజ్యసమితి అంతరిక్ష విభాగం కూడా ఒకప్పుడు స్కూళ్ళకి వీటిని పంచింది. పాడైన మైక్రోవేవ్ ఓవెన్‌లో ప్లేటు తిప్పే చిన్న మోటార్ చాలు. ఒక డబ్బాలో తిరిగే పెసలు, పక్క డబ్బాలో కదలని పెసలు, రోజుకి రెండుసార్లు ఫోటో, కోణం కొలవడానికి జామెట్రీ బాక్సులో ప్రొట్రాక్టర్. స్కూలు పిల్లల ఐడియాలకి డబ్బిచ్చే కేంద్ర ప్రభుత్వ పథకం ఇన్‌స్పైర్ మానక్‌లో ఎంపికైన ఐడియాకి వచ్చే 10,000 రూపాయలు దీనికి సరిపోయి మిగులుతాయి, పిల్లలు సొంతంగా వస్తువులు చేసి చూసుకునే అటల్ టింకరింగ్ ల్యాబ్ ఉన్న స్కూల్ అయితే డబ్బు అడగక్కర్లేదు కూడా.

ఇస్రో యువిక గురించి చెప్పకపోతే అన్యాయం. 2019లో మొదలైంది, 9వ తరగతి పిల్లల్ని ఎండాకాలం సెలవుల్లో శ్రీహరికోట లాంటి ఇస్రో కేంద్రాలకి తీసుకెళ్తారు, పంచాయతీ పరిధిలోని స్కూళ్ళలో చదివేవాళ్ళకి ఎంపికలో ప్రత్యేక వెయిటేజీ కూడా ఉంది. అంటే మన పల్లెటూరి పిల్లలకే లాభం. కానీ మాకు తెలిసిన ఒక అమ్మాయికి ఆ సంగతి చివరి తేదీ దాటిన నాలుగో రోజు తెలిసింది, ఆ స్కూల్లో సర్క్యులర్ ఎవరి ఫోన్లోనో వాట్సాప్ గ్రూపులో కిందకి వెళ్ళిపోయింది. ఎనిమిదో తరగతిలో మంచి మార్కులు, క్విజ్‌కి తయారైన పిల్ల, ఆ రోజు ఏడ్చింది. 9వ తరగతి ఒక్కసారే వస్తుంది కాబట్టి ఆ అమ్మాయికి మళ్ళీ అవకాశం లేదు. మన దగ్గర అసలు లోటు తెలివితేటల్లో లేదు, సమాచారం చేరవెయ్యడంలో ఉంది, మాస్టారుకి టైమ్ ఇవ్వడంలో ఉంది. ఆ మేడ మీద ఫిజిక్స్ మాస్టారు యాప్‌లో అటెండెన్సు, లెక్కలు, ఎంట్రీలు అన్నీ ముగించుకుని సాయంత్రం ఆరు తర్వాత సొంత డాంగిల్ తెచ్చుకున్నారు.

ఇప్పుడే ఎందుకు తొందరపడాలంటే, ఇప్పుడున్న అంతర్జాతీయ స్పేస్ స్టేషన్‌ని 2030 దాకా నడిపి ఆపేస్తారు. మన భారతీయ అంతరిక్ష స్టేషన్ మొదటి భాగం 2028లో, మొత్తం 2035కి అంటున్నారు. ఇవాళ ఎనిమిదో తరగతి చదివే పిల్లలు అప్పటికి డిగ్రీ దాటి ఉద్యోగ వయసులో ఉంటారు. స్టేషన్ వచ్చాక పిల్లల కార్యక్రమం ఆలోచిద్దాం అంటే లేటవుతుంది, ఈలోపు పోయెమ్ ఉంది కదా, ప్రతి పోయెమ్‌లో ఒక చిన్న పెట్టె స్కూళ్ళకి కేటాయించి, దానికి జోడీ ప్రయోగం వంద జడ్పీ హైస్కూళ్ళలో చేయించమని ఇస్రోని అడగాలి.

ఆ పెట్టెలో ఏం పెట్టాలి అంటే డెల్టా దగ్గర జవాబుంది. 2022లో చైనా వాళ్ళు తమ స్టేషన్‌లో 120 రోజులపాటు వరిని గింజ నుంచి గింజ దాకా పండించారు, మొక్క వదులుగా పెరిగిందని, కంకిలో పైపొట్టు సరిగ్గా మూసుకోలేదని చెప్పారు. పొట్టు మూసుకోకపోతే గింజ పాలు పట్టడం ఏమవుతుందో మన రైతు ఇంట్లో పదో తరగతి పిల్లాడు కూడా అడుగుతాడు. మారుటేరులో 1925 నుంచి వరి పరిశోధనా కేంద్రం ఉంది, 1982లో స్వర్ణ అనే వరి రకం వచ్చింది అక్కణ్ణుంచే. అక్కడి శాస్త్రవేత్తలు ఒక పొట్టి రకం ఎంచి, చుట్టుపక్కల ఇరవై స్కూళ్ళకి గుప్పెడేసి విత్తనాలు, ఒక కొలతల పట్టిక ఇస్తే, వచ్చే రోహిణి కార్తెకి నారు పోసే రోజునే తిరిగే డబ్బాలోనూ, కదలని డబ్బాలోనూ పిల్లలు మొదటి గింజలు వెయ్యొచ్చు.