పరిహారం యజమానులకు, కాగితం మూలవాసులకు

1818 ఏప్రిల్. ఫ్లోరిడాలోని సెయింట్ మార్క్స్ దగ్గర ఒక ఓడ ఆగి ఉంది. దాని మీద బ్రిటిష్ జెండా ఎగురుతోంది. ఆ జెండాను చూసి తమకు సాయం వచ్చిందనుకున్నాడు అమెరికా మూలవాసుల్లోని క్రీక్ తెగ నాయకుడు జోసయా ఫ్రాన్సిస్. పడవ వేసుకుని వెళ్లి ఓడ ఎక్కాడు. అది అమెరికన్ల ఓడ. విచారణ అనేదే లేకుండా జనరల్ ఆండ్రూ జాక్సన్ ఆయన్ని ఉరి తీయించాడు.

ఆయన ఆ జెండాను నమ్మడానికి కారణం ఉంది. మూడేళ్ల ముందు ఎడ్వర్డ్ నికోల్స్ అనే బ్రిటిష్ అధికారి వెంట లండన్ దాకా వెళ్లి, బ్రిటన్, అమెరికా 1814లో చేసుకున్న సంధిలో తమవాళ్ల గురించి రాసిన మాట నిలబెట్టుకోమని అడిగి వచ్చిన మనిషి ఆయన. అక్కడ మర్యాదగా చూశారు, కానుకలిచ్చి పంపేశారు. భూమి గురించి మాత్రం ఎవరూ పూచీ పడలేదు.

ఆ సంధి 1812 యుద్ధాన్ని ముగించింది. అమెరికా పుట్టిన ముప్పై ఆరేళ్లకు బ్రిటన్‌తో చేసిన యుద్ధం అది. దీన్ని 'రెండో స్వాతంత్ర్య యుద్ధం' అనడం అక్కడ అలవాటు. నేను ఈ పేరును ఒప్పుకోలేను. యుద్ధానికి చెప్పిన కారణాలు సముద్రం మీదివి. నెపోలియన్‌తో పోరాడుతున్న బ్రిటన్ అమెరికన్ ఓడలను ఆపి నావికులను బలవంతంగా తన నౌకాదళంలోకి లాక్కునేది, వ్యాపారానికి అడ్డుపడేది. ఇది నిజమైన అవమానమే, కాదనను. కానీ 1812 జూన్‌లో ప్రతినిధుల సభ 79-49 ఓట్లతో యుద్ధానికి ఒప్పుకున్నప్పుడు ఎవరు ఎటు నిలబడ్డారో చూడండి. ఓడలు, నావికులు ఎక్కువగా ఉన్న న్యూ ఇంగ్లండ్ సభ్యుల్లో చాలామంది వద్దన్నారు. సముద్రతీరమే లేని కెంటకీ, టెనెస్సీ సభ్యులు కావాలన్నారు. వాళ్ల చూపు భూమి మీద ఉంది. కెనడాను ఆక్రమించడమంటే నడుచుకుంటూ వెళ్లడమేనని మాజీ అధ్యక్షుడు జెఫర్సనే ఆ ఆగస్టులో ఉత్తరం రాశాడు.

భూమి కోసం పోరు అంతకు ముందే మొదలైంది. 1809లో ఫోర్ట్ వేన్ ఒప్పందంతో ఇండియానా ప్రాంత గవర్నర్ విలియం హెన్రీ హారిసన్ కొన్ని తెగల నుంచి దాదాపు 30 లక్షల ఎకరాలు రాయించుకున్నాడు. ఈ నేల అన్ని తెగలదీ, ఏ ఒక్క తెగకూ అమ్మే హక్కు లేదని షానీ నాయకుడు టెకుమ్సే 1810లో హారిసన్ ఎదుటే నిలబడి వాదించాడు. తెగలన్నిటినీ ఒక్క తాటి మీదికి తేవాలన్నది ఆయన తపన. దానికోసమే 1811లో దక్షిణాదికి, క్రీక్‌ల దగ్గరికి వెళ్లాడు. ఆయన ఊళ్లో లేని సమయం చూసి హారిసన్ సైన్యంతో వచ్చాడు. నవంబర్ 7న టిప్పెకనూ దగ్గర యుద్ధం జరిగింది, టెకుమ్సే ఊరు తగలబడిపోయింది. మన పిల్లలు ఎంతోమంది చదువుకుంటున్న పర్డ్యూ యూనివర్సిటీ ఉన్నది ఆ టిప్పెకనూ కౌంటీలోనే. యుద్ధం జరిగిన చోటు కొద్ది మైళ్ల దూరం. వీలున్నవాళ్లు ఒక్కసారి వెళ్లి చూడాలని నా కోరిక.

ఆ తర్వాత టెకుమ్సే బ్రిటిష్ వాళ్లతో చేతులు కలపడంలో వింత లేదు. 1812 ఆగస్టులో డెట్రాయిట్ కోటలో ఉన్న అమెరికన్ సైన్యం లొంగిపోవడంలో ఆయన యోధుల పాత్ర పెద్దది. ఏడాది తిరిగేసరికి ఎరీ సరస్సు అమెరికన్ల చేతికొచ్చింది, బ్రిటిష్ సైన్యం వెనక్కి తగ్గింది. 1813 అక్టోబర్ 5న కెనడాలోని థేమ్స్ నది ఒడ్డున టెకుమ్సే పోరాడుతూ చనిపోయాడు. బ్రిటిష్ జనరల్ ప్రాక్టర్ అప్పటికే అక్కడి నుంచి పారిపోయాడు.

వాషింగ్టన్ తగలబడటం, బాల్టిమోర్ కోట మీద జెండా చూసి రాసిన పాట జాతీయ గీతం కావడం చాలామందికి తెలిసినవే. తెలియనిది దక్షిణాదిలో జరిగింది. టెకుమ్సే మాట విన్న 'రెడ్ స్టిక్' క్రీక్‌లను 1814 మార్చిలో హార్స్‌షూ బెండ్ దగ్గర జాక్సన్ చుట్టుముట్టాడు. 800 మందికి పైగా చనిపోయారు. జాక్సన్ పక్షాన చెరోకీలతో పాటు, రెడ్ స్టిక్‌లంటే పడని క్రీక్‌లు కూడా పోరాడారు. ఆగస్టులో ఆయన ఆ క్రీక్ మిత్రులనే కూర్చోబెట్టి భూమి వదులుకునే ఒప్పందం మీద సంతకాలు పెట్టించుకున్నాడు. పోయిన భూమి దాదాపు 2.3 కోట్ల ఎకరాలు, అందులో తనకోసం పోరాడినవాళ్ల భూమి కూడా ఉంది!

ఆంబోతులు కుమ్ముకుంటే లేగదూడల కాళ్లు విరిగినట్టు అని మనవాళ్లు అంటారు. ఇక్కడ ఆ సామెత కుదరదు. వీళ్లు మధ్యలో చిక్కుకున్నవాళ్లు కాదు, తమ నేల కోసం తామే యుద్ధం చేసినవాళ్లు. అయినా 1814లో ఘెంట్‌లో (ఇప్పటి బెల్జియంలోని ఊరు) జరిగిన సంధి చర్చలకు వీళ్లలో ఒక్కరినీ పిలవలేదు. మూలవాసులకు ప్రత్యేక ప్రాంతం ఉండాలని బ్రిటన్ మొదట గట్టిగా అడిగింది, అమెరికా కాదనగానే వదిలేసింది. చివరికి డిసెంబర్ 24న కుదిరిన సంధిలో తొమ్మిదో అధికరణ మిగిలింది. 1811లో తెగలకు ఉన్న భూములు, హక్కులు తిరిగి ఇవ్వాలని అది చెబుతుంది.

భూములు తిరిగి ఇవ్వలేదు. క్రీక్‌ల ఒప్పందం అంతకు ముందే అయిపోయింది కాబట్టి ఈ అధికరణ వాళ్లకు వర్తించదన్నారు. సంధిని అమలు చేయమని 1815లో వాషింగ్టన్ నుంచి వచ్చిన ఆదేశాన్ని జాక్సన్ పక్కన పెట్టేశాడు. బ్రిటన్ కూడా పట్టుబట్టలేదు. అదే జాక్సన్ అధ్యక్షుడై 1830లో తెగలను మిసిసిపీ అవతలికి తరలించే చట్టం మీద సంతకం చేశాడు. ఆయన పక్కన నిలబడి పోరాడిన చెరోకీలకూ మినహాయింపు దొరకలేదు.

అలాగని ఆ సంధి మొత్తం ఉత్త కాగితమే అనుకుంటే పొరపాటు. మొదటి అధికరణ ప్రకారం బ్రిటిష్ వాళ్లు బానిసలను, ఇతర ప్రైవేటు ఆస్తిని తీసుకుపోకూడదు. యుద్ధ సమయంలో వేలమంది బానిసలు యజమానుల నుంచి తప్పించుకుని బ్రిటిష్ ఓడలు ఎక్కేశారు. వాళ్లలో చాలామంది నోవా స్కోషియాలో, ట్రినిడాడ్‌లో స్వేచ్ఛగా స్థిరపడ్డారు. ఈ ఒక్క విషయాన్ని మాత్రం అమెరికా వదల్లేదు. ఏళ్ల తరబడి వాదించింది, రష్యా చక్రవర్తిని మధ్యవర్తిగా పెట్టింది. 1822లో ఆయన అమెరికా వైపే తీర్పు చెప్పాడు. 1826లో బ్రిటన్ 12,04,960 డాలర్లు ఇవ్వడానికి ఒప్పుకుంది. ఆ డబ్బు వెళ్లింది బానిసల యజమానులకు.

జాక్సన్ కోసం పోరాడి భూమి పోగొట్టుకున్న క్రీక్‌ల వారసులు కూడా పరిహారం అడిగారు. మూలవాసుల ఇలాంటి దావాలు వినడానికి అమెరికా పెట్టిన కమిషన్ నుంచి వాళ్లకు అనుకూలంగా తీర్పు వచ్చింది 1960ల్లో, అదీ డబ్బు రూపంలోనే.