పెంటకు లేని చోటు టెంటుకు ఎక్కడిది?

శుక్రవారం సాయంత్రమైతే చాలు, హైదరాబాద్ నుంచి శ్రీశైలం వెళ్లే రోడ్డు మీద కార్లు బారులు తీరుతాయి. డిక్కీల్లో టెంట్లు, మడత కుర్చీలు, స్పీకర్లు, బొగ్గుల సంచులు. విశాఖ నుంచి లంబసింగి, వనజంగి వైపు, రాజమహేంద్రవరం నుంచి మారేడుమిల్లి, గుడిస వైపు కూడా చలికాలమంతా ఇదే వరస. ఫోన్ తెరిస్తే 'అడవిలో ఒక రాత్రి' అంటూ ప్యాకేజీల ప్రకటనలు. వీటిలో ఎన్ని రిజర్వు ఫారెస్టు హద్దు లోపల ఉన్నాయో, ఎన్నింటికి అనుమతి ఉందో డబ్బు కట్టేవాళ్లు అడగరు, తీసుకునేవాళ్లు చెప్పరు, చూడాల్సిన శాఖ చూడదు.

అదే అడవిలో తరతరాలుగా బతుకుతున్న చెంచులను మాత్రం మూటాముల్లె సర్దుకోమంటున్నారు. పెంట అంటే చెంచుల గూడెం. పది ఇళ్లు, ఒక చెలమ, చుట్టూ అడవి. నల్లమలలోని అమ్రాబాద్ పులుల అభయారణ్యం కోర్ ఏరియాలో, అంటే పులుల కోసమే కేటాయించిన లోపలి అడవిలో ఉన్న పాపానికి ఇలాంటి ఊళ్లు ఏళ్ల తరబడి తరలింపు మాట వింటూనే ఉన్నాయి. కుడిచింతలబైలు, సార్లపల్లి పేర్లు జాబితాల్లో నలుగుతూనే ఉన్నాయి. కవ్వాల్ పులుల అభయారణ్యం కోర్ నుంచి మైసంపేట, రాంపూర్ ఊళ్లను 2024లో తరలించేశారు. అదే ఏడాది జూన్ 19న జాతీయ పులుల సంరక్షణ సంస్థ పులులున్న రాష్ట్రాలకు లేఖ రాసింది. కోర్ ప్రాంతాల్లో ఇంకా 591 గ్రామాలు, 64,801 కుటుంబాలు ఉన్నాయని, వాటి తరలింపును ముందు వరసలో పెట్టుకుని కాలపట్టిక వేసుకోమని ఆ లేఖ సారాంశం. కుటుంబానికి ఇచ్చేది 15 లక్షల రూపాయల ప్యాకేజీ.

పులికి మనుషుల అలికిడి లేని చోటు కావాలి కాబట్టి ఊళ్లు కదలాలన్నది ప్రభుత్వం చెప్పే కారణం. పులికి చోటు కావాలన్న మాటతో మాకు పేచీ లేదు. నల్లమలలో పులి బతకాలని ఈ పత్రిక మొదటి నుంచీ కోరుతోంది. మా ప్రశ్న ఒక్కటే. తేనె తీసి, జిగురు ఏరి, గడ్డలు తవ్వి బతికే చెంచు అలికిడి పులికి అడ్డమైతే, సఫారీ జీపు అలికిడి అడ్డం కాదా? ఊరు కదలాల్సిన చోటికే టికెట్ అమ్మి టూరిస్టును ఎలా తీసుకెళ్తారు?

మన్ననూరులో బస కాటేజీలు ఉన్నాయి. ఫరహాబాద్ వైపు సఫారీ ఉంది. 2012లో సుప్రీంకోర్టు పులుల కోర్ ప్రాంతాల్లో పర్యాటకాన్ని కొన్ని నెలలు పూర్తిగా ఆపేసింది. ఆ అక్టోబరులో పులుల సంరక్షణ సంస్థ మార్గదర్శకాలు తెచ్చాక నిషేధం ఎత్తేసింది. ఆ మార్గదర్శకాల ప్రకారం కోర్‌లో 20 శాతం దాకా పర్యాటకానికి వాడుకోవచ్చు. అంటే మనుషులే ఉండకూడదన్న చోట వచ్చిపోయే మనుషులకు అయిదో వంతు తెరిచి పెట్టారు. పుట్టి పెరిగినవాళ్లకు అలాంటి శాతమేదీ లెక్కగట్టలేదు. వన్యప్రాణి సంరక్షణ చట్టం 38వి సెక్షన్ చదివితే ఇంకా కోపం వస్తుంది. కోర్‌ను అలికిడి లేకుండా ఉంచాలని చెప్పే ఆ వాక్యమే, షెడ్యూల్డ్ తెగల, ఇతర అటవీ నివాసుల హక్కులకు భంగం కలగకుండా ఆ పని చేయాలని కూడా చెబుతోంది. మన అధికారులు ఆ వాక్యంలో సగమే చదువుతున్నారు.

పర్యాటకం వల్ల స్థానిక యువకులకు గైడ్లుగా, డ్రైవర్లుగా పని దొరుకుతుందని, నగరం పిల్లలకు అడవి మీద ప్రేమ పుడుతుందని అనేవాళ్లున్నారు. అందులో కొంత నిజం ఉంది. కానీ ఊరు తీసేశాక ఆ ఊరి కుర్రాడికి ఇచ్చే గైడ్ ఉద్యోగాన్ని ఉపాధి అనలేం.

చట్టాలు పక్కపక్కన పెట్టి చూస్తే ఈ రెండు నాలుకల ధోరణి ఇంకా బాగా కనిపిస్తుంది. అటవీ వాసులకు చారిత్రక అన్యాయం జరిగిందని 2006 అటవీ హక్కుల చట్టం పీఠికలోనే రాసుకున్నాం. ఆ చట్టం కింద అడవిలోని ఊరికి బడి, అంగన్‌వాడీ, ఆస్పత్రి, తాగునీటి పైపు, రోడ్డు లాంటి 13 రకాల సౌకర్యాలకు అటవీ భూమి ఇవ్వవచ్చు. షరతులు గట్టివి. ఒక్కో సౌకర్యానికి హెక్టారుకు లోపే ఇవ్వాలి. హెక్టారుకు 75 చెట్లకు మించి కొట్టకూడదు. గ్రామసభ సిఫారసు ఉండాలి. ఈ షరతులను మేము తప్పు పట్టడం లేదు. అడవిలో ఏది కట్టినా ఇలాంటి లెక్క ఉండాల్సిందే. అయితే 2023లో అటవీ సంరక్షణ చట్టాన్ని సవరించినప్పుడు ఏం చేశారు? అటవీ శాఖ తన అడవి నిర్వహణకు రాసుకునే వర్కింగ్ ప్లాన్‌లోనో, పులుల సంరక్షణ ప్రణాళికలోనో పేరుంటే చాలు, ఎకో టూరిజం సదుపాయాలు అటవీయేతర పని కిందికే రావని రాసేశారు. ఆ సవరణలో హెక్టారు హద్దు లేదు, 75 చెట్ల లెక్క లేదు, గ్రామసభ ఊసు లేదు. అంటే పెంటలో అంగన్‌వాడీ కడితే అది అడవి పని కాదు. టూరిస్టుకు కాటేజీ కడితే అడవి పని! రక్షిత ప్రాంతాల బయట ప్రభుత్వం పెట్టే జూలకు, సఫారీలకు కూడా ఇలాంటి మినహాయింపే ఇచ్చారు. 2024 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు కలగజేసుకుని, తన అనుమతి లేకుండా జూలు, సఫారీలు పెట్టవద్దని చెప్పబట్టి ఆ మేరకు ఆగింది.

ఎన్నో పెంటలకు ఇప్పటికీ సరైన దారి లేదు. అడిగితే అటవీ అనుమతులు రావాలంటారు. పురిటి నొప్పులొచ్చిన మనిషిని డోలీ కట్టి మోసుకెళ్లే వార్తలు మన్యం నుంచి ఏటా వస్తూనే ఉన్నాయి, ఏటా అచ్చేస్తూనే ఉన్నాం. ఆ దారికి అడ్డొచ్చే చట్టం సఫారీ జీపు దారికి ఎందుకు అడ్డురాదు?

ఇక మంట సంగతి. ఈ విషయంలో మా టెన్షన్ రోజురోజుకీ పెరుగుతోంది, కారణం కూడా ఉంది. నల్లమల ఆకురాల్చే అడవి. ఫిబ్రవరి వచ్చేసరికి నేలంతా ఎండుటాకు పరుపు, మోకాలెత్తు ఎండుగడ్డి. అక్కడి నుంచి మే నెలాఖరు దాకా ప్రతి బీట్ ఆఫీసరుకూ కంటి మీద కునుకుండదు. మంట పాకకుండా గడ్డి తీసేసి ఫైర్ లైన్లు గీస్తారు, ఆకులు ఊడుస్తారు, ఫైర్ వాచర్లు పగలూ రాత్రీ తిరుగుతారు. తాత్కాలిక కూలీ మీద పనిచేసే ఆ వాచర్లలో చాలామంది చెంచులే. పచ్చి రెమ్మలు పట్టుకుని, కాళ్లకు చెప్పులుంటే ఉన్నట్టు లేకపోతే లేనట్టు, మంటకు ఎదురెళ్లేది వాళ్లే. ఒక్క చలిమంటను సరిగ్గా ఆర్పకుండా లేచిపోతే చాలు. పైన బూడిదలా కనిపించినా లోపల నిప్పు గంటల తరబడి ఉంటుంది. తెల్లవారాక గాలి లేస్తే అదే ఆకుల్లోకి పాకుతుంది. అప్పటికి మంట వేసినవాళ్లు టోల్‌గేటు దాటేసి ఉంటారు.

తప్పు మాత్రం ఎవరి మీదికి పోతుంది? ఇప్పపువ్వు ఏరేవాళ్ల మీదికి, పశువులు కాసేవాళ్ల మీదికి. పువ్వు కనబడాలని చెట్టు కింద ఆకు కాల్చే అలవాటు కొన్నిచోట్ల ఉన్న మాట నిజమే, దాన్ని మాన్పించాల్సిందే. కానీ అడవిలో నిప్పు పెడితే అభయారణ్యంలోనైతే వన్యప్రాణి చట్టం 30వ సెక్షన్, రిజర్వు ఫారెస్టులోనైతే రాష్ట్ర అటవీ చట్టం 20వ సెక్షన్ నేరమంటున్నాయి. ఆ సెక్షన్లలో ఇప్పచెట్టు కింది మంట అని, టెంటు ముందు మంట అని వేరువేరుగా లేదు. అడవి బిడ్డ మంట పెడితే కేసు, నగరం నుంచొచ్చినవాళ్లు పెడితే 'క్యాంప్ ఫైర్' అని ప్యాకేజీలో ఒక అంశం. నిప్పుకు ఈ తేడా తెలియదు, శాఖకు ఎలా తెలిసింది?

తమిళనాడు ఈ పాఠాన్ని ప్రాణాలు పోగొట్టుకుని నేర్చుకుంది. 2018 మార్చి 11న తేని జిల్లా కురంగణి కొండల్లో ట్రెక్కింగ్‌కు వెళ్లినవాళ్లను కార్చిచ్చు చుట్టుముట్టింది. 23 మంది చనిపోయారు. ఎండుగడ్డి కొండ మీద మంట మనిషి కంటే వేగంగా పరుగెత్తుతుందని ఆ రోజు దేశమంతా చూసింది. ఆ తర్వాతే ఆ రాష్ట్రం ట్రెక్కింగ్‌కు నియమాలు రాసింది. ఉత్తరాఖండ్‌లో బుగ్యాల్ అనే ఎత్తు పచ్చికబయళ్లు టెంట్ల కింద నలిగిపోతుంటే అక్కడి హైకోర్టు 2018 ఆగస్టులో రాత్రి బసను నిషేధించింది, రోజుకు 200 మందికి మించి వెళ్లకూడదని హద్దు పెట్టింది. మన గుడిస కొండ మీద ఉన్నదీ గడ్డి మైదానమే. వనజంగిలో మబ్బులు చూడటానికి తెల్లవారుజామున ఎక్కే జనం వదిలేసి పోయిన ప్లేట్లు, సీసాలు ఎన్నిసార్లు ఫొటోలతో సహా అచ్చేశామో లెక్క లేదు. మన దగ్గర కూడా కొన్ని ప్రాణాలు పోయాకే నియమాలు రాస్తారా?

మరో సంగతి చెప్పాలి. రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు మన్ననూరు దగ్గర శ్రీశైలం రోడ్డును మూసేస్తారు. జంతువులు రోడ్డు దాటే వేళ అది. డ్రైవర్లు విసుక్కుంటారు, అయినా ఆగుతారు. మంచి నియమం, ఇన్నేళ్లుగా నడుస్తోంది. తారు రోడ్డు మీద పోయే బండి లైటే జంతువును బెదరగొడుతుందని ఒప్పుకున్న శాఖకు, చెట్ల మధ్య అర్ధరాత్రి దాకా మోగే స్పీకరు ఏం చేస్తుందో వేరే చెప్పాలా? వేసవిలో సాసర్ పిట్ల దగ్గరికి, అంటే జంతువుల కోసం కట్టిన నీటి గుంటల దగ్గరికి, చీకటి పడ్డాక కూడా జంతువులు నీళ్లు తాగడానికి వస్తాయి. ఆ రాత్రి పక్కన పాట మోగితే దప్పికతోనే వెనక్కి పోతాయి.

అడవి ఎవరూ చూడకూడదని మేము అనడం లేదు. చూడాలి. కానీ చోటు చెప్పి, సంఖ్య చెప్పి, షరతు చెప్పి చూపించాలి. మారేడుమిల్లి దగ్గర వనసంరక్షణ సమితుల చేతికి విడిది నిర్వహణ ఇచ్చిన అనుభవం మనకుంది. కొండరెడ్లు, చెంచులు ఉన్నచోట బస ఎక్కడ ఉండాలో, ఏ నెలల్లో మూసేయాలో గ్రామసభ తేల్చాలి, వచ్చిన డబ్బు ఆ సభ ఖాతాకే చేరాలి. ఫిబ్రవరి నుంచి వానలు పడేదాకా రిజర్వు ఫారెస్టులో ఎక్కడా మంట వెలగకూడదు, అది ఎంత ఖరీదైన ప్యాకేజీ అయినా సరే. అనుమతి లేని టెంటుకు జరిమానా కాదు, చట్టం చెప్పిన కేసే పెట్టాలి. ప్రకటన ఇచ్చి డబ్బు తీసుకున్న నిర్వాహకుడి మీద ముందు పెట్టాలి.

పద్ధతి ఒకసారి పాడైతే ఎంత దూరం పోతుందో అన్నదే మా అసలు భయం. ఇవాళ ఖాళీ చేసిన ఊరి స్థలంలో రేపు విడిది వెలిస్తే, దేశంలో తరలింపు జాబితాలో ఉన్న 591 గ్రామాలకూ అదే దారి చూపించినట్టవుతుంది. పులి పేరు చెప్పి మనుషులను పంపించేయడం, ఆ తర్వాత పులిని చూపిస్తామని మనుషులను రప్పించడం. అప్పుడిక ఏ ఆదివాసీ కూడా పులి సంరక్షణ మాట నమ్మడు. ఆ నమ్మకం పోతే ఉచ్చులు పెట్టేవాళ్ల కబురు చెక్‌పోస్టు దాకా మోసుకొచ్చేవాళ్లే ఉండరు. కుమురం భీం జిల్లాలో పులుల కారిడార్ కోసం, అంటే పులులు ఒక అడవి నుంచి ఇంకో అడవికి పోయే దారి కోసం, 2025 మే నెలాఖరున ఇచ్చిన జీవో 49 ఏమైందో గుర్తుంది కదా? ఆదివాసీలు భగ్గుమనడంతో జూలైలో ఆపేయాల్సి వచ్చింది. వాళ్లకు పులి మీద కోపం లేదు, మీ మాట మీదే నమ్మకం లేదు.

రెండు రాష్ట్రాల అటవీ మంత్రులకూ, పర్యాటక శాఖలకూ సూటిగా చెబుతున్నాం. అటవీ హక్కుల చట్టం 4(5) సెక్షన్ ప్రకారం హక్కుల పరిశీలన పూర్తయ్యేదాకా ఎవరినీ కదిలించడానికి వీల్లేదు. ఏ పెంటలో ఎన్ని దరఖాస్తులు పెండింగులో ఉన్నాయో ముందు బయటపెట్టండి. 'స్వచ్ఛందంగా వెళ్తున్నారు' అంటున్నారు కదా, ఆ గ్రామసభ తీర్మానాలు జనం ముందు పెట్టండి. ఊరు ఖాళీ చేయించాలనుకున్న ప్రతిచోటా సఫారీ కూడా అదే రోజు ఆగుతుందని రాసివ్వండి. రాసివ్వలేకపోతే పులి పేరు ఎత్తకండి. ముందు కోర్‌లో బుకింగులు ఆపండి, ఆ తర్వాతే కాగితాలు పట్టుకుని పెంటల్లోకి వెళ్లండి.